తలవాకిలి కట్టిన టామ్ మారిస్



కృష్ణగిరి మామిడికాయ, కొత్త చింతపండు, కొత్త బెల్లం, వేపపువ్వు ఒక గిన్నెలో కలిసే పండుగ ఇది. ఏడాదికి ఉగాది తలవాకిలి వంటిది. ఆనాడు ఇంట్లో పిల్లలను కసరుకోరు, ఎవరితోనూ తగవు పెట్టుకోరు. తలంటుకొని, కొత్తబట్ట కట్టుకొని, పచ్చడి తిని, పంచాంగం వింటారు. మొదలు బాగుంటే తక్కినది తానే నడుస్తుందని మన పెద్దల నమ్మకం.

అందుచేత ఈ ఉగాది సంచికకు మేము ఒక మంచి మొదలు కట్టిన మనిషి జీవితాన్ని ఎంచుకొన్నాము. ఆయన రాజు కారు, కవి కారు, దేశనాయకుడు కారు. ఒక నేతగాని కొడుకు. పేరు టామ్ మారిస్. ఊరు స్కాట్లండులోని సెయింట్ ఆండ్రూస్. గోల్ఫు ఆడేవారిలో ఆయన పేరు విననివారు అరుదు. గోల్ఫు మైదానంలో మొదటి గుంట ఎట్లా ఉండాలి అన్న ప్రశ్నకు ఆయన తన జీవితంలో రెండుసార్లు, రెండు విధాలుగా జవాబు చెప్పారు. మేము గోల్ఫు కర్ర ఎన్నడూ చేతపట్టినవారము కాము. అయినా ఈ కథ మా మనస్సుకు ఎందుకు పట్టిందో చివర మనవి చేసుకొంటాము.

గోల్ఫు మన ప్రాంతానికి మరీ కొత్తది కాదు. హోసూరుకు నలభై కిలోమీటర్ల దూరాన ఉన్న బెంగుళూరులో 1876లోనే గోల్ఫు క్లబ్బు వెలిసింది. కోలారు బంగారు గనులలో మనవారు పలువురు భూగర్భంలో రాయి కొడుతుండగా, పైన దొరలు గోల్ఫు ఆడేవారు. ఆట తీరు ఎరుగనివారికి ఒక్క మాట. మన పిల్లలు గోళీలాటలో గోళీని గుంటలో వేస్తారు గదా, ఇదీ ఆ కోవలోనిదే. గుంట వందల గజాల దూరాన ఉంటుంది. వేలితో గాక కర్రతో కొట్టాలి. అటువంటి గుంటలు 18. అన్నింటినీ తక్కువ దెబ్బలలో ముగించినవారిది గెలుపు. కొట్టడం మొదలుపెట్టే చోటు నుండి గుంట దాకా ఉన్న దారినంతటినీ కలిపి గుంట అనే వ్యవహరిస్తారు. గుంట చుట్టూ నున్నగా కత్తిరించిన పచ్చికకు గ్రీన్ అని పేరు.

ఈ పదునెనిమిదింటిలో మొదటిదానికి ఒక ప్రత్యేకత కలదు. ఆటగాని ఒళ్ళు అప్పటికింకా వేడెక్కదు, చేయి కుదురుకోదు. తమ వంతుకై వెనుక నిలిచినవారు, క్లబ్బు కిటికీలలో నుండి చూచేవారు, అందరి కళ్ళూ అతని మీదనే ఉంటాయి. అక్కడ బంతి పొదలలో పడితే వెతకడానికే కాలం చాలదు. పొద్దున ఒక బండి ఆలస్యమైతే దాని వెనుక బండ్లన్నీ సాయంకాలం దాకా ఆలస్యమైనట్లు, మొదటి గుంట దగ్గర చిక్కుపడితే ఆనాటి ఆట అంతా వెనుకబడుతుంది. పొద్దుటి ఎండ కళ్ళలో కొట్టకూడదు. అట్లని మరీ సులువైతే ఆటకు బిగువుండదు. ఇవన్నీ ఎరిగి కట్టవలసినది మొదటి గుంట.

ఇక కథలోకి వద్దాము. టామ్ మారిస్ 1821 జూన్ 16న పుట్టారు. తండ్రి జాన్ మారిస్ చేనేత పనివాడు. మగ్గం మిల్లు ముందు తల వంచుతున్న రోజులవి. ఆ కష్టం మన చేనేత కుటుంబాలకు వేరే చెప్పనక్కరలేదు. కొడుకును మగ్గం మీద కూర్చోబెట్టక, పదునాలుగేండ్ల ఈడులో అలన్ రాబర్ట్‌సన్ అనే బంతుల పనివాని దగ్గర చేర్చాడు. రాబర్ట్‌సన్ ఆ కాలంలో సాటిలేని ఆటగాడు కూడా.

అప్పటి బంతి తోలుది. ఒక పెద్ద టోపీ నిండా పట్టే ఈకలను ఉడికించి, చిన్న తోలుసంచిలో ఇనుపకడ్డీతో కూరి కూరి కుట్టేవారు. ఎంత చేయితిరిగిన పనివాడైనా రోజుకు మూడు నాలుగు బంతులకు మించి చేయలేడు. ఈకల ధూళి ఊపిరితిత్తులలో చేరి పనివారి ఆయువు తగ్గేది. నాలుగేండ్లు శిష్యరికం, ఆపైన ఐదేండ్లు కూలిపని. టామ్ యౌవనమంతా ఆ కొట్టులోనే గడిచింది. గురువుకు జతగా పందెపు ఆటలు ఆడి పేరు తెచ్చుకొన్నారు. 1844లో ఆగ్నెస్ బేన్ అనే ఆమెను పెండ్లాడారు.

1848 ప్రాంతంలో గట్టాపర్చా బంతి వచ్చింది. గట్టాపర్చా మలయా అడవులలోని ఒక చెట్టు పాలు. తరువాతి కాలంలో మన తెలుగు కూలీలు రబ్బరు తోటలకు ఓడ ఎక్కి వెళ్ళిన మలయాయే అది. ఆ పాలముద్దను వేడినీటిలో మెత్తపరచి ఉండ చేస్తే బంతి సిద్ధం. ఈకల బంతికంటె ఎంతో చవుక. రాబర్ట్‌సన్ గుండెల్లో రాయి పడింది. దానితో ఎన్నడూ ఆడనని టామ్ చేత మాట తీసుకొన్నాడు. ఒకనాడు ఆట మధ్యలో టామ్ వద్ద ఈకల బంతులు అయిపోయాయి. తోడు ఆటగాడు ఇచ్చిన కొత్త బంతితో ఆట ముగిస్తూ వస్తుండగా గురువు ఎదురుపడ్డాడు. మాటామాటా పెరిగి ఇద్దరూ విడిపోయారు. ఇందులో తప్పు ఎవరిదని మేము తీర్పు చెప్పబోము. ఇచ్చిన మాట తప్పడం టామ్ లోపమే, కాలం మారినదని ఒప్పుకోకపోవడం గురువు లోపమే. కొన్నాళ్ళకు రాబర్ట్‌సన్ కూడా ఆ కొత్త బంతులే చేయవలసి వచ్చింది.

టామ్ సొంతంగా చిన్న దుకాణం పెట్టుకొన్నారు. 1850లో నాలుగేండ్ల పెద్దకొడుకు పోయాడు. మరుసటి ఏప్రిల్‌లో మళ్ళీ కొడుకు పుడితే, పోయిన బిడ్డ పేరే పెట్టుకొన్నారు: టామీ. ఆ 1851లోనే పడమటి తీరాన ప్రెస్ట్‌విక్‌లో కొత్త క్లబ్బు ఏర్పడి, మైదానం తీర్చి కాపాడే పనికి ఆయనకు పిలుపు వచ్చింది. కర్నల్ ఫెయిర్లీ అనే పెద్దమనిషి పూనుకొని రప్పించాడు. ముప్పై ఏండ్ల వయస్సులో, చంకన నెలల బిడ్డతో ఉన్న భార్యను వెంటబెట్టుకొని, తూర్పు తీరం వదలి పడమటి తీరానికి టామ్ వలసపోయారు. ఉన్న ఊరు, తల్లిదండ్రులు, బిడ్డ సమాధి వెనుకనే ఉండిపోయాయి. మనలో చాలామంది పెట్టె సర్దుకొని హోసూరు చేరినది ఇట్లాంటి పరిస్థితులలోనే గదా.

ప్రెస్ట్‌విక్ నేల ఇసుకదిబ్బల మయం, చోటు ఇరుకు. అందులోనే టామ్ 12 గుంటల మైదానం తీర్చారు. దాని మొదటి గుంట పొడవు 578 గజాలు, అనగా మైలుకు మూడవ వంతు. ఆనాటి కర్రలతో, ఆనాటి బంతితో అంత దూరం పోవడానికి మంచి ఆటగాళ్ళకు సైతం ఐదారు దెబ్బలు పట్టేది. అడుగు పెట్టీపెట్టగానే ఎదురయ్యే కొండ వంటిది. ఎందుకట్లా కట్టారు? నేల తీరు ఒక కారణం కావచ్చు. మాకు తోచేది మరొకటి ఉన్నది. కొత్త ఊరిలో, కొత్త యజమానుల ముందు, గురువును విడిచి వచ్చిన పనివాడు తన సత్తా చూపుకోవాలి. ఆ తాపత్రయం వలస వచ్చిన ప్రతివానికీ తెలుసు.

1860 అక్టోబరు 17న గోల్ఫులో ఈనాటికీ పెద్ద పోటీగా నడుస్తున్న ఓపెన్ చాంపియన్‌షిప్ ఆ 578 గజాల గుంట దగ్గరే మొదలయింది. ఆడినవారు ఎనమండుగురు. 12 గుంటలను మూడు మార్లు ఒకే రోజున చుట్టి రావాలి. బహుమానం ఎర్ర తోలుపట్టా. తొలి దెబ్బ కొట్టినవారు టామ్. విల్లీ పార్క్ 174 దెబ్బలతో గెలువగా, టామ్ 176తో రెండవవారైనారు. మరుసటి ఏడు 1861లో ఆయనే గెలిచారు. 1862లో 13 దెబ్బల తేడాతో గెలిచారు. ఆ పోటీలో అంత తేడాతో మరెవరూ ఇంతవరకు గెలువలేదు. 1864లోనూ, 46 ఏండ్ల వయస్సులో 1867లోనూ గెలిచారు. అంత పెద్ద వయస్సులో దానిని గెలిచినవారు కూడా ఇప్పటికి మరొకరు లేరు.

ప్రెస్ట్‌విక్ మైదానం 1880ల ఆరంభంలో 18 గుంటలకు పెరిగింది. టామ్ కట్టిన పాత మొదటి గుంట పోయి, అది మొదలైన చోట ఒక రాళ్ళగుట్ట గురుతుగా నిలిచింది. ఇప్పటి మొదటి గుంట పేరు రైల్వే. దానికి కుడిచేతివైపు పొడుగునా గోడ, గోడ అవతల రైలుపట్టాలు, పక్కనే స్టేషను. చేయి వంకరపోతే బంతి పట్టాలపాలు. రైల్వే గుమాస్తాగిరీ చేసుకొనే మాకు ఈ సంగతి చదివి నవ్వు ఆగలేదు.

సొంత ఊరి నుండి మళ్ళీ పిలుపు వచ్చింది. రాబర్ట్‌సన్ 1859లోనే గతించాడు. సెయింట్ ఆండ్రూస్ మైదానం ఆలనాపాలనా లేక చెడిపోయింది. రాయల్ అండ్ ఏన్షంట్ క్లబ్బువారు ఏటా 50 పౌన్ల జీతానికి, మైదానం ఖర్చులకు మరి 20 పౌన్లు ఇచ్చే ఒడంబడికపై ఆయనను రప్పించారు. చేతికి ఇచ్చినవి ఒంటిచక్రపు బండి, పారలు. 1865 నాటికి, పదునాలుగేండ్ల వలస ముగించి, టామ్ పుట్టినూరు చేరారు.

ఇక్కడ ఆయన చేసిన పనులు అనేకం. పొదలు కొట్టించి దారులు వెడల్పు చేశారు. గడ్డి మీద ఇసుక చల్లి పచ్చిక బలపరచే పద్ధతి పట్టుదలగా నడిపారు. ఆడవారి కోసం చిన్న మైదానం ఒకటి తీర్చారు. ఆ మిట్టపల్లాలు చూచి దానికి హిమాలయాలు అని పేరు వచ్చింది. ఇప్పటికీ కుటుంబాలు పిల్లలతో వచ్చి అక్కడ ఆడుకొంటాయి. వీటన్నిటిలో మా కథకు ముఖ్యమైనది 1870 ప్రాంతంలో ఆయన కట్టిన మొదటి గుంట గ్రీన్.

అంతవరకు బయలుదేరేవారికీ తిరిగివచ్చేవారికీ ఆ వైపున ఒకే గ్రీన్ ఉండేది. పోయేవారు, వచ్చేవారు ఒకరికొకరు అడ్డం. అక్కడ స్విల్కన్ అనే చిన్న వాగు పారుతుంది. టామ్ ఆ వాగుకు అవతలి గట్టున, నీటిని ఆనుకొని కొత్త గ్రీన్ వేశారు. దానితో మొదటి గుంటకు సొంత దారి ఏర్పడి, రద్దీ తీరింది. ఈనాడు లోకమంతటా గోల్ఫు ఆడేవారు ఒక్కసారైనా నిలవాలని కోరుకొనే మొదటి గుంట అదే. దాని పేరు కూడా వాగు పేరే.

చూడబోతే అందులో ఏమీ లేదు. పొడవు సుమారు 375 గజాలు, ప్రెస్ట్‌విక్ గుంటలో మూడింట రెండు వంతులు. నేల చదును. దారిలో ఇసుకగుంత ఒక్కటైనా లేదు. 18వ గుంట దారితో కలిసిపోయి ఉండడంచేత వెడల్పు సుమారు 130 గజాలు. పడమటికి ఆడతారు గనుక పొద్దుటి ఎండ వీపు మీదనే పడుతుంది. పసివాడు కొట్టినా, పండితుడు కొట్టినా తొలి దెబ్బకు చోటు దొరుకుతుంది. బంతి కళ్ళ ముందే ఉంటుంది గనుక వెతుకులాట లేదు, వెనుకవారికి ఆలస్యం లేదు. ఊరి జనం సముద్రపు ఒడ్డుకు పోయే బాట ఒకటి ఆ దారిని అడ్డంగా దాటుతుంది. బాటసారులు దాటేదాకా ఆటగాళ్ళు ఆగుతారు.

చిక్కంతా రెండవ దెబ్బలో ఉన్నది. గ్రీన్ ముందే వాగు. తక్కువ కొడితే బంతి నీళ్ళపాలు. భయపడి ఎక్కువ కొడితే గుంట దాటి దూరం పోతుంది, అక్కడి నుండి వెనుకకు కొట్టాలి. గాలి ఎటు వీస్తున్నదో, తన బలమెంతో ఎరిగి, ఒక్క నిమిషం ఆలోచించి కొట్టాలి. తొలి దెబ్బలో తడబడినవానికి ఇంకా అవకాశం ఉన్నది. బాగా కొట్టినవానికీ పరీక్ష మిగిలే ఉన్నది. ముప్పై ఏండ్ల వయస్సులో గుమ్మంలోనే కొండ నిలిపిన మనిషి, యాభై దగ్గరపడేసరికి గుమ్మం తెరిచి, లోపల ఒక్క వాగు ఉంచారు. మధ్యలో గడిచినది వలస బ్రతుకు. తలుపు వెడల్పుగా ఉండడం ఎంత అవసరమో తలుపు బయట నిలిచినవారికే తెలుస్తుందని మా నమ్మిక.

ఆ క్లబ్బుకు కొత్త కెప్టెన్ వచ్చినప్పుడు సెప్టెంబరు మాసంలో ఉదయం ఎనిమిది గంటలకు ఈ మొదటి గుంట దగ్గరే తొలి దెబ్బ కొడతాడు. ఫిరంగి పేలుతుంది. కేడీలు, అనగా కర్రలు మోసే పనివారు, బంతి కోసం పరుగెత్తుతారు. తెచ్చి ఇచ్చినవానికి బంగారు నాణెం. మన ఏరువాక సంబరం వంటిదే. మొదలుకు మర్యాద చేసే జాతులు మరికొన్ని ఉన్నాయన్నమాట.

1870లో మరొక వింత జరిగింది. టామీ పెరిగి తండ్రిని మించిన ఆటగాడైనాడు. 1868లో 17 ఏండ్లకే ఓపెన్ గెలిచాడు. అప్పుడు రెండవ స్థానం తండ్రిదే. 1869లోనూ గెలిచాడు. 1870 పోటీలో, ప్రెస్ట్‌విక్‌లో తండ్రి కట్టిన ఆ 578 గజాల మొదటి గుంటను మూడే దెబ్బలలో ముగించాడు. మూడేండ్లు వరుసగా గెలిచినందుకు తోలుపట్టా అతని సొంతమయింది. బహుమానం లేక 1871లో పోటీ జరుగలేదు. 1872లో తిరిగి మొదలైతే మళ్ళీ అతడే గెలిచాడు. తండ్రి పెట్టిన కొండను కొడుకు గెంతి దాటాడు. ఏ తండ్రికి అంతకంటె సంతోషం!

ఆ సంతోషం నిలువలేదు. 1875 సెప్టెంబరులో తండ్రీకొడుకులు నార్త్ బెర్విక్‌లో పందెపు ఆట ఆడుతుండగా, టామీ భార్యకు కాన్పు కష్టమయినదని తంతి వచ్చింది. సముద్రపు పాయ దాటి పడవలో ఇల్లు చేరేసరికి తల్లీ బిడ్డా ఇద్దరూ లేరు. టామీ ఆ దిగులు నుండి కోలుకోలేదు. ఆ ఏడాది క్రిస్మస్ నాడు, 24 ఏండ్ల వయస్సులో అతడూ కన్నుమూశాడు. మరుసటి ఏడు ఆగ్నెస్ పోయింది. తక్కిన ముగ్గురు బిడ్డలు కూడా ఒకరి తరువాత ఒకరు తండ్రికంటె ముందే వెళ్ళిపోయారు.

ఇంత దుఃఖం మోసిన మనిషి పని మానలేదు. తెల్లవారుజామున సముద్రస్నానం చేసి మైదానానికి వచ్చేవారు. స్కాట్లండులో, ఐర్లండులో ఎన్నో మైదానాలు తీర్చారు. ఆదివారం ఆట వద్దని ఖండితంగా చెప్పేవారు, మనిషికి అక్కరలేకపోయినా నేలకు విశ్రాంతి కావాలని ఆయన పట్టుదల. ఆ మైదానం నేటికీ సాధారణంగా ఆదివారాలు మూసే ఉంటుంది, ఊరివారు పిల్లలతో పచ్చికపై తిరుగుతారు. 1903 దాకా మైదానం పని చూచారు. ముసలితనంలో 18వ గుంట పక్కనున్న తన దుకాణం దగ్గర కూర్చుంటే, బయలుదేరేవారూ తిరిగివచ్చేవారూ కనబడేవారు. 1908 మే 24న ఒక క్లబ్బులో మెట్ల మీద నుండి పడి, 86 ఏండ్ల వయస్సులో గతించారు. కొడుకు ఉన్న స్మశానంలోనే సమాధి చేశారు. చివరి గుంటకు ఆయన పేరు పెట్టారు. మొదటిది మాత్రం వాగు పేరుతోనే ఉన్నది. తలవాకిలిపై కట్టినవాని పేరు లేకపోవడమే బాగున్నదని మాకు తోస్తుంది.

ఇక చివరి మనవి. మా కుమారుడు ఇక్కడి బడిలో ఇంగ్లీషు, తమిళం చదువుతాడు. తెలుగు నోటికి వచ్చును, చేతికి రాదు. పోయిన వేసవిలో ఆదివారాలు తెలుగు నేర్పబూని, మొదటి రోజుననే అచ్చులు, హల్లులు, గుణింతాలు, ఒత్తులు అన్నీ వాని ముందు పరిచాము. మేము చిన్ననాడు అట్లాగే నేర్చుకొన్నామన్న గర్వం ఒకటి. మూడవ ఆదివారానికి పుస్తకం బియ్యం డబ్బా వెనుక దొరికింది. వాని కళ్ళలో భయం చూచి మాకు సిగ్గు వేసింది. మేము కట్టినది ప్రెస్ట్‌విక్ గుంట అని తరువాత, టామ్ కథ చదివినప్పుడు తెలిసింది.

మళ్ళీ మొదలుపెట్టాము. వాని పేరు, అమ్మ పేరు, నాయనమ్మ పేరు. తప్పు రాసినా దిద్దలేదు, చోటు వెడల్పుగా ఉంచాము. నెల తరువాత ఒక్క వాగు పెట్టాము: ఊరిలో ఉన్న నాయనమ్మకు ఒక కార్డు, సొంతంగా రాయాలి. ఆమెకు తెలుగు తప్ప మరొకటి చదవ రాదు. క్షేమం అన్న మాటలో క్ష దగ్గర వాడు రెండుసార్లు నీళ్ళలో పడ్డాడు. మూడవసారి దాటాడు. కార్డు పోస్టులో వేసింది వాడే.

హోసూరులో, కృష్ణగిరిలో తరతరాలుగా ఉన్న తెలుగువారు ఉన్నారు. ఫ్యాక్టరీలు వచ్చిన 1970ల నుండి ఉద్యోగాలకై వచ్చిన మనవంటివారూ ఉన్నారు. ఇంకా వస్తూనే ఉన్నారు. కొత్తగా దిగిన కుటుంబానికి మన సంఘం గుమ్మం, మన పిల్లలకు మన భాష గుమ్మం, టామ్ మారిస్ తన సొంత ఊరిలో కట్టిన మొదటి గుంట వలె ఉండాలని మా కోరిక. రావడానికి ఎవరికీ భయం ఉండరాదు. వచ్చిన తరువాత దాటవలసిన వాగు ఒకటి తప్పక ఉండాలి.

కొత్త సంవత్సరం అందరికీ వెడల్పైన తలవాకిలి తెరుచుగాక.